అప్‌డేట్ తర్వాత బ్రౌజర్‌లో అదే ఎర్రర్ మళ్లీ మళ్లీ వస్తోందా? ఇలా దారికి తెచ్చుకోండి

బ్రౌజర్ రాత్రికి రాత్రి దానంతట అదే అప్‌డేట్ అయిపోయింది. పొద్దున్న తెరిస్తే ఎర్రర్. రీలోడ్ కొడితే పోయినట్టే పోయి, కాసేపటికి మళ్లీ అదే. ఎవరినైనా అడగండి, మొదట చెప్పే మాట "హిస్టరీ మొత్తం క్లియర్ చెయ్", రెండో మాట "తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్". ఒక్కోసారి వీటితోనే బాగవుతుంది, కాదనను. కానీ దేనివల్ల బాగైందో తెలియదు కాబట్టి తర్వాతి అప్‌డేట్‌కి కథ మళ్లీ మొదటికొస్తుంది. క్రోమ్ 2021లో నాలుగు వారాలకో కొత్త వెర్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది, మధ్యలో సెక్యూరిటీ అప్‌డేట్లు వేరే. నెలనెలా అన్ని లాగిన్లూ పోగొట్టుకుని ఓటీపీల కోసం కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది?

అందుకని తుడిచేసే పనులు చివరికి పెట్టుకుందాం. ముందు ఎర్రర్ ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చుకోవాలి. అది పుట్టగలిగే చోట్లు నాలుగే: బ్రౌజర్, మీ కంప్యూటర్‌లో ఉన్న ఇంకో ప్రోగ్రామ్, మధ్యలోని నెట్, అవతలి సైట్. అప్‌డేట్ అయిన రోజే మొదలైంది కాబట్టి తప్పంతా అప్‌డేట్‌దే అనుకోకండి. చాలాసార్లు బ్రౌజర్ కొత్తదైపోయి, దాని చుట్టూ ఉన్నవి పాతవిగా మిగలడం వల్లే గొడవ వస్తుంది.

ముందు ఆ చిన్న అక్షరాలు చదవండి

క్రోమ్‌లో పేజీ కుప్పకూలితే ముఖం ముడుచుకున్న కాగితం బొమ్మ, పక్కనే పెద్దక్షరాల్లో "ఆ, స్నాప్!" అని కనిపిస్తాయి. అసలు సంగతి దాని కింద, బూడిద రంగులో, కళ్లజోడు పెట్టుకుంటేగానీ కనపడనంత చిన్నగా ఉంటుంది: "ఎర్రర్ కోడ్: స్టేటస్ యాక్సెస్ వయొలేషన్" అనో, "అవుట్ ఆఫ్ మెమరీ" అనో. కనెక్షన్ ఎర్రర్లకైతే "ఎర్" అని మొదలయ్యే కోడ్ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని చూపే డిజిటల్ గుర్తింపు పత్రం) ఎర్రర్ల కోడ్ చూడాలంటే "అడ్వాన్స్‌డ్" బటన్ నొక్కాలి.

ఫోన్‌తో ఓ ఫొటో తీసి పెట్టుకోండి. మళ్లీ వచ్చినప్పుడు ఇంకోటి తీయండి. కోడ్ ప్రతిసారీ ఒకటే అయితే కారణమూ ఒకటే అనుకోవచ్చు. ఏ సైట్ తెరిచినా, ఒక్కోసారి ఒక్కో కోడ్‌తో పేజీలు కూలిపోతుంటే మాత్రం ర్యామ్‌ని కూడా అనుమానించాలి. విండోస్ సెర్చ్‌లో "మెమరీ డయాగ్నస్టిక్" అని కొడితే టెస్ట్ దొరుకుతుంది, రీస్టార్ట్ అయి దానంతట అదే చెక్ చేస్తుంది.

అప్‌డేట్ అసలు పూర్తయిందా?

ఇది ఎవరూ చూడని విషయం. క్రోమ్ కొత్త వెర్షన్‌ని వెనకాల దించుకుని సిద్ధంగా పెట్టుకుంటుంది. మీరు అన్ని విండోలూ మూసి మళ్లీ తెరిచేదాకా పాతదే నడుస్తుంది. "నేను రోజూ మూసేస్తానే" అంటారేమో. సెట్టింగ్స్‌లో "సిస్టమ్" దగ్గర, క్రోమ్ మూసేసినా బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడుస్తూనే ఉండేలా ఒక ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మీరు ఇంటూ గుర్తు నొక్కినా క్రోమ్ లోపల బతికే ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయండి. తర్వాత కుడివైపు పైన మూడు చుక్కలు, "హెల్ప్", "అబౌట్ గూగుల్ క్రోమ్". అక్కడ "రీలాంచ్" బటన్ కనిపిస్తే అప్‌డేట్ ఇంకా సగంలోనే ఉన్నట్టు. నొక్కండి.

తర్వాత కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టమ్ లోపలి స్థితిని డిస్క్‌లో దాచిపెట్టి, ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెస్తుంది. డ్రైవర్లు, అంటే హార్డ్‌వేర్‌ని నడిపించే ప్రోగ్రామ్‌లు, పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్టే కావాలి.

ఫైర్‌ఫాక్స్‌లో "కుడ్‌నాట్ లోడ్ ఎక్స్‌పీకామ్" అని వచ్చినా, "ప్లాట్‌ఫామ్ వెర్షన్" సరిపోలేదని వచ్చినా ప్రోగ్రామ్ ఫైళ్లలో కొన్ని కొత్తవి, కొన్ని పాతవి కలిసిపోయాయని అర్థం. మొజిల్లా సైట్ నుంచి తాజా సెటప్ దించుకుని ఉన్నదాని మీదే ఇన్‌స్టాల్ చేయండి. బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి వాటికేం కాదు. క్రోమ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం "బ్రౌజింగ్ డేటా కూడా తీసేయాలా" అని ఒక టిక్ బాక్స్ అడుగుతుంది. చూడకుండా టిక్ పెట్టకండి.

మూడు పరీక్షలు

ఇక్కడే సగం సమస్యలు తేలిపోతాయి.

మొదటిది ఇన్‌కాగ్నిటో. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పి. ఈ విండోలో పాత కుకీలు (లాగిన్ లాంటివి గుర్తుంచుకోవడానికి సైట్లు దాచే చిన్న ఫైళ్లు) ఉండవు, మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లూ (బ్రౌజర్‌కి తగిలించుకున్న చిన్న అదనపు ప్రోగ్రామ్‌లు) నడవవు. ఇక్కడ ఎర్రర్ రాకపోతే తప్పు ఆ రెండింటిలో ఒకదానిది. ఏదో తేలాలంటే మామూలు విండోకి వచ్చి ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి చూడండి. ఎర్రర్ పోయిందా, అయితే ఇంట్లో ఏ లైన్‌లో షార్ట్ ఉందో తెలియనప్పుడు ఎంసీబీలు ఒక్కొక్కటీ ఎత్తి చూసినట్టు ఎక్స్‌టెన్షన్లు కూడా ఒక్కొక్కటే ఆన్ చేస్తూ రండి. పాతిక దాకా ఉంటే సగం సగం చొప్పున చేయండి, తొందరగా తేలుతుంది.

రెండోది వేరే బ్రౌజర్. ఇక్కడ చాలామంది క్రోమ్ బదులు ఎడ్జ్‌లో చూసి, అందులోనూ అదే ఎర్రర్ వస్తే "సైట్‌దే తప్పు" అని తేల్చేస్తారు. 2020 నుంచి ఎడ్జ్ కూడా క్రోమ్‌కి మూలమైన క్రోమియం మీదే నడుస్తోంది. బ్రేవ్, ఒపెరా కూడా అంతే. లోపల ఉన్న ఇంజిన్ ఒకటే అయినప్పుడు పోల్చి లాభమేముంది? ఫైర్‌ఫాక్స్‌లో చూడండి, లేదా ఐఫోన్ ఉంటే సఫారీలో.

మూడోది హాట్‌స్పాట్. ఇంటి వైఫై తీసేసి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడండి. దాంతో సైట్ తెరుచుకుంటే బ్రౌజర్‌ని వదిలేయండి, సంగతి రౌటర్ దగ్గరో నెట్ ఇచ్చేవాళ్ల దగ్గరో ఉంది.

పేజీ పదేపదే కూలిపోతుంటే

ఎక్స్‌టెన్షన్లు కాదని తేలాక రెండు అనుమానాలు మిగులుతాయి. ఒకటి గ్రాఫిక్స్ డ్రైవర్. సెట్టింగ్స్‌లో "సిస్టమ్" కింద "యూజ్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వెన్ అవైలబుల్" అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేసి రీలాంచ్ చేయండి. వీడియో చూస్తున్నప్పుడో మ్యాప్ తెరిచినప్పుడో మాత్రమే కూలిపోయేది దీంతో ఆగిపోతే, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్ వేసుకుని ఆ ఆప్షన్ మళ్లీ ఆన్ చేయండి. ఆఫ్‌లోనే వదిలేస్తే వీడియోల భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ హోరెత్తుతుంది.

రెండోది యాంటీవైరస్. 2019 అక్టోబర్‌లో క్రోమ్ 78 వచ్చినప్పుడు చాలా ఆఫీసుల్లో ఏ పేజీ తెరిచినా "ఆ, స్నాప్!" వచ్చింది. చివరికి క్రోమ్ సెట్టింగ్స్ పేజీ కూడా తెరుచుకోలేదు. డిజిటల్ సంతకం సరిపోలని కోడ్‌ని తన ప్రాసెస్‌లోకి రానివ్వని కొత్త రక్షణ ఆ వెర్షన్‌లో వచ్చింది. సిమాంటెక్ ఎండ్‌పాయింట్ ప్రొటెక్షన్ పాత వెర్షన్లేమో తమ కోడ్‌ని బ్రౌజర్‌లోకి చొప్పించేవి. రెండింటికీ పడలేదు. కోడ్ "స్టేటస్ ఇన్‌వాలిడ్ ఇమేజ్ హ్యాష్" అని ఉండేది. యాంటీవైరస్‌ని అప్‌డేట్ చేసినవాళ్లకి అంతటితో సరిపోయింది. క్రోమ్‌ని ఎన్నిసార్లు తీసి వేసినా మాత్రం లాభం లేకపోయింది. కాబట్టి అన్ని పేజీలూ, సెట్టింగ్స్‌తో సహా కూలిపోతుంటే బ్రౌజర్‌ని వదిలి ముందు యాంటీవైరస్‌ని అప్‌డేట్ చేయండి.

"యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్"

ఇది చూడగానే టెన్షన్ పడి "ప్రొసీడ్" లింక్ కోసం వెతికేవాళ్లు చాలామంది. బ్యాంకు సైట్లోగానీ, పాస్‌వర్డ్ కొట్టే ఏ సైట్లోగానీ ఆ పని చేయకండి. కింద కోడ్ చూడండి.

అందులో "డేట్ ఇన్‌వాలిడ్" అన్న మాట ఉంటే స్క్రీన్ మూలన ఉన్న తేదీ చూడండి, ముఖ్యంగా సంవత్సరం. తేదీ తప్పుంటే సర్టిఫికెట్ ఇంకా మొదలవ్వలేదనో, గడువు తీరిపోయిందనో బ్రౌజర్ అనుకుంటుంది. తేదీని ఆటోమేటిక్‌గా పెట్టండి. కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయినట్టే. మామూలు డెస్క్‌టాప్‌లలో వాడేది సీఆర్ 2032, మూడు వోల్టులది. గడియారాల షాపుల్లో కూడా దొరుకుతుంది. "అప్‌డేట్ తర్వాత పదేపదే వస్తోంది" అనే ఎర్రర్లలో కొన్నిటికి మందు ఈ బ్యాటరీయే.

"అథారిటీ ఇన్‌వాలిడ్" అన్ని సైట్లకీ వస్తుంటే మధ్యలో ఎవరో ఉన్నట్టు. అది రైల్వే స్టేషన్, హోటల్ వైఫైల లాగిన్ పేజీ కావచ్చు, మీ యాంటీవైరస్‌లోని వెబ్ స్కానింగ్ కావచ్చు. ఆ స్కానింగ్ ఒక్కదాన్ని కాసేపు ఆపి చూడండి, మొత్తం యాంటీవైరస్‌ని కాదు. ఒక్క సైట్‌కే, అందరికీ వస్తుంటే లోపం ఆ సైట్ వాళ్ల సర్టిఫికెట్‌లోనే ఉంది. వాళ్లు సరిచేసేదాకా ఆగాల్సిందే.

పాత మెషిన్ అయితే ఇంకో సంగతి. 2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనది) గడువు తీరింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లు వాడే సైట్లు ఆ రోజు నుంచి కొన్ని పాత కంప్యూటర్లలో ఎర్రర్ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఫైర్‌ఫాక్స్‌కీ అలాంటిదే జరిగింది: 2025 మార్చి 14న మొజిల్లా వాళ్ల ఒక రూట్ సర్టిఫికెట్ గడువు తీరడంతో, అప్‌డేట్ చేసుకోని పాత వెర్షన్లలో యాడ్-ఆన్‌లు (ఎక్స్‌టెన్షన్ల లాంటివే) ఆగిపోయాయి. అప్‌డేట్లు ఆపేసి కూర్చుంటే హాయి అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

విండోస్ 7, 8.1 మీద క్రోమ్ 109తో ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి వాటికి కొత్త వెర్షన్ లేదు. ఆ మెషిన్ల మీద ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే రకం వెర్షన్) కొంత నయం. అంతకు మించి అక్కడ చేయగలిగింది లేదు.

వేలిముద్ర మెషిన్, డీఎస్సీ డాంగిల్ వాడేవాళ్లకి

మీసేవ సెంటర్లు, బ్యాంకు మిత్రలు, ట్యాక్స్ ప్రాక్టీస్ చేసేవాళ్లు ఈ భాగం నిదానంగా చదవండి. డీఎస్సీ అంటే డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్, డాంగిల్ అంటే అది ఉండే యూఎస్‌బీ పరికరం. డాంగిల్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, డ్రైవర్ బాగానే ఉంటుంది, నిన్న సంతకం కూడా పడింది. ఈరోజు సైట్ మాత్రం డివైస్ దొరకలేదంటుంది.

లోపల జరిగేది ఇదీ. వెబ్‌సైట్ నేరుగా మీ యూఎస్‌బీతో మాట్లాడదు. మీ కంప్యూటర్‌లో చిన్న సర్వీస్ ఒకటి నడుస్తుంటుంది. వేలిముద్రలకైతే ఆర్‌డీ సర్వీస్, జీఎస్టీ పోర్టల్‌లో సంతకానికైతే ఎంసైనర్. వెబ్ పేజీ 127.0.0.1 అనే అడ్రస్‌కి, అంటే మీ సొంత కంప్యూటర్‌కే, కబురు పంపి ఆ సర్వీస్‌తో పని చేయించుకుంటుంది. 2025 అక్టోబర్ చివర్లో వచ్చిన క్రోమ్ 142తో ఇలాంటి కబుర్లకు మీ అనుమతి అడగడం మొదలైంది. "లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్న డివైస్‌లను వెతికి కనెక్ట్ అవ్వాలనుకుంటోంది" అనే అర్థం వచ్చే పెట్టె ఒకటి అడ్రస్ బార్ కింద తెరుచుకుంటుంది. కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే ఎవరు చదువుతారు? "బ్లాక్" నొక్కేస్తారు. ఆ తర్వాత అది మళ్లీ అడగదు, పని మాత్రం ఆగిపోతుంది.

సరిచేయడం తేలికే. ఆ సైట్ తెరిచి, అడ్రస్‌కి ఎడమవైపున్న చిన్న గుర్తు నొక్కి, "సైట్ సెట్టింగ్స్"లోకి వెళ్లి, "లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్" దగ్గర (వెర్షన్‌ని బట్టి పేరు కాస్త మారొచ్చు) "అలో" పెట్టి పేజీ రీలోడ్ చేయండి. ఊరూపేరూ లేని సైట్ ఇదే అనుమతి అడిగితే మాత్రం బ్లాకే సరైనది, ఈ పెట్టె వచ్చిందే అలాంటివాటిని ఆపడానికి.

అనుమతి ఇచ్చినా పని జరగకపోతే ఆ సర్వీస్ నడుస్తోందో లేదో చూడండి. ఎంసైనర్‌ని మూసి, రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"తో తెరవండి. 127.0.0.1 అడ్రస్‌ని బ్రౌజర్‌లో ఒకసారి తెరిచి సర్టిఫికెట్ వార్నింగ్ దాటమని పోర్టల్ సహాయం పేజీల్లో చెబుతారు. పైన వద్దన్న "ప్రొసీడ్"ని ఇక్కడ నొక్కవచ్చు. ఎందుకంటే ఆ అడ్రస్ బయట ఎక్కడిదో కాదు, మీ కంప్యూటర్‌దే.

చిన్న చిన్నవి

"టూ మెనీ రీడైరెక్ట్స్", "కుకీ టూ లార్జ్" అని వస్తే ఆ ఒక్క సైట్ కుకీలు తీస్తే చాలు. అడ్రస్ పక్కన గుర్తు నొక్కి, "కుకీస్ అండ్ సైట్ డేటా"లోకి వెళ్లి చెత్తబుట్ట బొమ్మ నొక్కండి. ప్రపంచంలోని కుకీలన్నీ తీయనక్కర్లేదు.

"కనెక్షన్ రీసెట్" ఆఫీస్ నెట్‌లో మాత్రమే, కొన్ని సైట్లకే వస్తుంటే ఆ నెట్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ పాతదై ఉండొచ్చు. 2024 ఏప్రిల్‌లో క్రోమ్ 124 కొత్త తరం ఎన్‌క్రిప్షన్ కీలు వాడటం మొదలుపెట్టింది. దాంతో కనెక్షన్ మొదట్లో పంపే సందేశం పెద్దదై, కొన్ని పాత సర్వర్లు, ఫైర్‌వాల్‌లు దాన్ని తీసుకోలేక లైన్ తెంపేశాయి. ఇది మీ చేతిలో లేనిది, ఐటీ వాళ్లకి వెర్షన్ నంబర్‌తో సహా చెప్పండి.

"ప్రొఫైల్ (మీ బుక్‌మార్క్‌లు, సెట్టింగ్స్ ఉండే చోటు) కొత్త వెర్షన్‌ది కాబట్టి వాడలేం" అని వస్తే ఎవరో పాత క్రోమ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు. కొత్తదానికి అప్‌డేట్ చేస్తే పోతుంది. ఎర్రర్ వచ్చిందని వెనకటి వెర్షన్‌కి వెళ్లడం నేనెవరికీ చెప్పను. ప్రొఫైల్ ఇలా మొరాయిస్తుంది, పైగా మూసేసిన సెక్యూరిటీ కన్నాలన్నీ మళ్లీ తెరుచుకుంటాయి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో అప్‌డేట్ తర్వాత బ్రౌజర్ కాకుండా మెయిల్, బ్యాంకు యాప్‌లు కూడా తెరవగానే మూసుకుపోతుంటే "ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ"ని అనుమానించండి. యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది అదే. 2021 మార్చిలో దాని అప్‌డేట్ ఒకటి తేడా చేసి ఎన్నో యాప్‌లు ఒకేసారి మొరాయించాయి. ప్లే స్టోర్‌లో దాన్నీ క్రోమ్‌నీ తాజా వెర్షన్‌కి తెచ్చుకోండి. కొత్తది ఇంకా రాకపోతే సెట్టింగ్స్‌లో యాప్ పేజీ తెరిచి "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" నొక్కి తాత్కాలికంగా గట్టెక్కవచ్చు.

ఇక, వెబ్ పేజీ మధ్యలో "మీ బ్రౌజర్ పాతదైంది, ఇప్పుడే అప్‌డేట్ చేయండి" అని ఫైల్ దించుకోమన్నా, ఫోన్ నంబర్‌కి కాల్ చేయమన్నా అది ఎర్రర్ కాదు, మోసం. అసలు బ్రౌజర్ ఎప్పుడూ ఫోన్ నంబర్ ఇవ్వదు. ట్యాబ్ మూసేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఏం చేసినా పోకపోతే

ఒక్కోసారి తప్పు నిజంగానే బ్రౌజర్ తయారీదారులది. 2022 జనవరి 13న ప్రపంచమంతా ఫైర్‌ఫాక్స్ ఏ పేజీ తెరవకుండా వేలాడిపోయింది. ఆ రోజు జనం అప్‌డేట్ చేసింది కూడా ఏమీ లేదు. ఒక క్లౌడ్ సంస్థ తమ సర్వర్లలో చేసిన మార్పు ఫైర్‌ఫాక్స్‌లో నిద్రపోతున్న బగ్‌ని లేపింది. కొన్ని గంటల్లో సర్దుకుంది. మీ పక్క టేబుల్ వాళ్లకీ, వేరే ఊళ్లోని మీ తమ్ముడికీ అదే ఎర్రర్ వస్తుంటే ఒకరోజు వేరే బ్రౌజర్‌తో నెట్టుకురండి. క్రోమ్‌లో ఆల్ట్, షిఫ్ట్, ఐ నొక్కితే ఫిర్యాదు రాసే పెట్టె వస్తుంది. కోడ్, వెర్షన్, ఏం చేస్తుంటే వచ్చిందో రాయండి, "పనిచేయట్లేదు" అని మాత్రం రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

మీ ఒక్కరికే వస్తుంటే, పైవన్నీ అయిపోతే, అప్పుడు రీసెట్. క్రోమ్‌లో సెట్టింగ్స్ చివర "రీసెట్ సెట్టింగ్స్" ఉంటుంది. బుక్‌మార్క్‌లు, హిస్టరీ, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, కుకీలు పోతాయి, అంటే అన్నిచోట్లా మళ్లీ లాగిన్ అవ్వాలి. ఫైర్‌ఫాక్స్‌లో "హెల్ప్" కింద "మోర్ ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్" తెరిచి "రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్" నొక్కండి. ఇది యాడ్-ఆన్‌లు తీసేసి, మీ పాత డేటాని డెస్క్‌టాప్ మీద "ఓల్డ్ ఫైర్‌ఫాక్స్ డేటా" అనే ఫోల్డర్‌లో పెడుతుంది. ఏదైనా మిస్సయితే వెనక్కి తెచ్చుకోవడానికి అది పనికొస్తుంది. అందులో మీ పాస్‌వర్డ్‌ల ఫైళ్లు కూడా ఉంటాయి కాబట్టి, నలుగురూ వాడే కంప్యూటర్ అయితే అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాక ఆ ఫోల్డర్‌ని డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.